హామ్లెట్ నాటకంలో పాత పేర్లు, మన పిల్లల నోట్సు

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న మన పిల్లలు షేక్స్‌పియర్ విషాద నాటకం దగ్గరికి వచ్చేసరికి రెండు జాబితాలు రాసుకుంటారు. ఒకటి కష్టమైన మాటల జాబితా, రెండోది పాత పేర్ల జాబితా. హైపీరియన్ అంటే సూర్యదేవుడు. నయోబీ అంటే ఏడ్చే తల్లి. హెర్క్యులీస్ అంటే మహాబలుడు. హెకూబా అంటే ట్రాయ్ రాణి. లీతీ అంటే మరపు నది. ఇవి గైడులోంచి నోట్సులోకి, నోట్సులోంచి పరీక్ష పేపరులోకి నడిచిపోతాయి. మార్కులూ వస్తాయి. నాటకం మాత్రం బయటే నిలబడి ఉంటుంది.

ఇంగ్లీషు మాష్టార్లు ఈ పాత పేర్లను అల్యూజన్లు అంటారు. మనం పాతకథల ప్రస్తావనలు అనుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పేరుకు అర్థం తెలిస్తే సగం పనే అయింది. ఆ పేరు ఎవరి నోట వచ్చింది, ఎవరిని చూసి వచ్చింది, ఆ కథలో ఏ ముక్క చెప్పి ఏ ముక్క వదిలేశారు అని అడిగితే మిగతా సగం పూర్తవుతుంది. హామ్లెట్ నాటకం తీసుకుని ఈ సంగతి చూద్దాం.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. డెన్మార్క్ రాజు చనిపోయాడు. ఆయన తమ్ముడు క్లాడియస్ సింహాసనం ఎక్కాడు. రెండు నెలలైనా కాకముందే వదిన గెర్‌ట్రూడ్‌ను పెళ్లి చేసుకున్నాడు. చనిపోయిన రాజు కొడుకు హామ్లెట్ విటెన్‌బర్గ్‌లో చదువుకుంటున్నాడు. తండ్రి దయ్యమై వచ్చి, నన్ను నా తమ్ముడే విషం పోసి చంపాడు, పగ తీర్చు, నన్ను మరచిపోకు అని చెప్పాడు. హామ్లెట్ ఆ పని చేయడానికి నాటకమంతా పట్టింది. చివరికి అతనూ, తల్లీ, పినతండ్రీ, అతను ప్రేమించిన ఒఫీలియా, ఆమె తండ్రి పొలోనియస్, అన్న లేయర్టీస్, అందరూ పోయారు. కథ చెప్పడానికి స్నేహితుడు హొరేషియో మిగిలాడు.

హామ్లెట్ నోట వచ్చిన పేర్లు

మొదటి అంకం రెండో రంగంలో హామ్లెట్ ఒంటరిగా మాట్లాడుకుంటాడు. అప్పటికి దయ్యాన్ని ఇంకా చూడలేదు. తండ్రిని హైపీరియన్‌తో పోలుస్తాడు, పినతండ్రిని సగం మేక, సగం మనిషి అయిన శాటిర్‌తో పోలుస్తాడు. తల్లి శవం వెంట నయోబీలాగ ఏడుస్తూ నడిచిందంటాడు. పినతండ్రికీ తండ్రికీ పోలిక ఎంతంటే, తనకూ హెర్క్యులీస్‌కూ ఉన్నంత అంటాడు. ఒక్క మాటలో నాలుగు పేర్లు.

నయోబీని తీసుకుందాం. గైడులో ‘ఏడ్చే తల్లి’ అని ఉంటుంది. లాటిన్ కవి ఓవిడ్ చెప్పిన కథ వేరే సంగతులు కూడా చెబుతుంది. నయోబీ రాణి. ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. లాటోనా దేవతకు ఇద్దరే పిల్లలు, నాకు పద్నాలుగు మంది అని గర్వంగా మాట్లాడింది. ఆ ఇద్దరు పిల్లలే, అపోలో, డయానా, బాణాలతో నయోబీ బిడ్డలందరినీ చంపేశారు. ఆమె ఏడ్చి ఏడ్చి రాయి అయింది. రాయి అయినా కన్నీరు ఆగలేదు.

ఇప్పుడు గెర్‌ట్రూడ్‌ను చూడండి. ఆమె కన్నీరు నెల తిరగకుండానే ఆగిందని కొడుకు కోపం. అంటే నయోబీ పేరు ఆమెకు పొగడ్త కాదు, ఎత్తిపొడుపు. నయోబీ ఏడ్చింది మొగుడి కోసం కాదు, బిడ్డల కోసం. ఆ ముక్క హామ్లెట్ చెప్పడు. ఈ తల్లి బిడ్డ కూడా నాటకం చివర చనిపోతాడు. కథ పూర్తిగా తెలిసిన చదువరికి అక్కడే గుండె కలుక్కుమంటుంది. ‘ఏడ్చే తల్లి’ అని రాసుకున్న పిల్లకు అది అందదు.

హెర్క్యులీస్ సంగతి ఇంకా చిత్రమైనది. నేను హెర్క్యులీస్‌ను కాను అని హామ్లెట్ ముందే ఒప్పుకున్నాడు. రెండు రంగాల తర్వాత దయ్యం పిలుస్తుంది. స్నేహితులు వెళ్లొద్దని పట్టుకుంటే, నా ఒంట్లో ప్రతి చిన్న నరం నెమియా సింహం నరమంత గట్టిపడింది అంటాడు. గైడులో ‘నెమియా సింహం: హెర్క్యులీస్ చంపిన సింహం’ అని ఉంటుంది. పిల్లలు రాసుకుని పేజీ తిప్పేస్తారు. అక్కడ ఆగి అడగాలి. హెర్క్యులీస్‌ను కానన్నవాడు ఇప్పుడు ధైర్యం తెచ్చుకుని ఎవరితో పోల్చుకున్నాడు? హెర్క్యులీస్ చేతిలో చచ్చిన సింహంతో! ధైర్యం ఉన్న మాటలోనే చావు కూడా ఉంది. ఆ సంగతి హామ్లెట్‌కు తెలుసో తెలియదో మనకు చెప్పడు. మనం మాత్రం చూడగలం, రెండు నోట్సులను పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

లీతీ పేరు దయ్యం నోట వస్తుంది. లీతీ అంటే పాతాళంలో పారే నది. ఆ నీళ్లు తాగిన చచ్చినవాళ్లు బతికిన రోజులన్నీ మరచిపోతారు. నా మాట విని కూడా కదలకపోతే నువ్వు లీతీ ఒడ్డున ఏపుగా పెరిగిన పిచ్చిమొక్కకన్నా మొద్దువి అంటుంది దయ్యం. అదే దయ్యం వెళ్లిపోతూ అడిగే చివరి కోరిక, నన్ను గుర్తుపెట్టుకో అని. చచ్చినవాడు మరపు నది దాటి వచ్చి జ్ఞాపకం అడుగుతున్నాడు. అర్థం ఒక్కటే నేర్చుకుంటే లీతీ ఒక నది. ఎవరు అన్నారో చూస్తే అది తండ్రి భయం.

రెండో అంకంలో నటులు వస్తారు. హామ్లెట్ వాళ్లలో ఒకరిని ట్రాయ్ కథ చెప్పమంటాడు. అకిలీస్ కొడుకు పిరస్ తన తండ్రి చావుకు పగగా ముసలి రాజు ప్రాయమ్‌ను చంపే ఘట్టం కావాలంటాడు. ఎత్తిన కత్తి ముసలాయన తల మీద కాసేపు ఆగిపోతుంది, తర్వాత పడుతుంది. రాణి హెకూబా గుండెలు బాదుకుంటూ పరుగెత్తుతుంది. చెబుతున్న నటుడికే కన్నీళ్లు వస్తాయి. పొలోనియస్‌కు విసుగొస్తుంది, చాలా పొడుగైందంటాడు. హామ్లెట్ తర్వాత ఒంటరిగా, ఎప్పుడో చచ్చిన హెకూబా కోసం వీడు ఏడుస్తున్నాడే, కన్నతండ్రి చచ్చిన నేను ఏమీ చేయలేకపోతున్నానే అని తనను తాను తిట్టుకుంటాడు.

ఈ ఘట్టం మనవాళ్లకు అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ప్రధాన్ కీక్రి వాయిస్తూ పహండి కుపార్ లింగో కథ చెబుతాడు. మేడారం దిక్కున డోలీలు సమ్మక్క కథ చెబుతారు. విన్నవాళ్లు తమ ఇంటి మనిషి పోయినట్టే కళ్లు తుడుచుకుంటారు. పాతకథ చెబుతుంటే ఇవాళ్టి దుఃఖం బయటికొస్తుందన్న సంగతి మన ముసలివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మన పిల్లకు కొత్తవి ఆ పేర్లు మాత్రమే. పేర్లు ఎంతసేపటి పని?

ఐదో అంకంలో హామ్లెట్ శ్మశానంలో పుర్రెలు చూస్తాడు. లోకాన్ని గెలిచిన అలెగ్జాండర్ మన్నయ్యాడు, ఆ మన్ను తడిపి సారా పీపాకు బిరడా పెట్టొచ్చు కదా అంటాడు. మొదటి అంకంలో సూర్యదేవుడి దగ్గర మొదలైన పేర్లు ఇక్కడ బురదలోకి దిగాయి. అంతటితో అయిపోతే బాగుండేది. ఒక్క నిమిషానికే ఒఫీలియా శవం వస్తుంది. చెల్లెలి గోతిలోకి దూకిన లేయర్టీస్, పీలియాన్ కొండకన్నా ఎత్తుగా నా మీద మన్ను పోయండి అంటాడు. హామ్లెట్ కూడా ముందుకొచ్చి, ఆ మన్ను ముందు ఆసా కొండ పులిపిరంత కనబడాలి అంటాడు. పెద్ద పేర్లన్నీ మన్నేనని ఇప్పుడే చెప్పినవాడు, దుఃఖం పొంగగానే మళ్లీ ఆ పేర్లే పట్టుకున్నాడు. చదువుకున్నవాడికి ఏడుపు కూడా చదువు భాషలోనే వస్తుంది. నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా జాలి కలిగించే చోటు ఇదే.

ఒఫీలియా నోట వచ్చిన మొక్కలు

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఈ గ్రీకు, రోమన్ పేర్లు నాటకంలో ఎవరెవరి నోట వస్తున్నాయి? హామ్లెట్, హొరేషియో విటెన్‌బర్గ్‌లో చదివారు. పొలోనియస్ విశ్వవిద్యాలయంలో సీజర్ వేషం వేశానని గొప్ప చెప్పుకుంటాడు. లేయర్టీస్ పెద్దింటి కొడుకు. ఒఫీలియా నోట మాత్రం ఒక్క గ్రీకు పేరు గాని, రోమన్ పేరు గాని రాదు. గోతులు తవ్వేవాడి నోటా రాదు. షేక్స్‌పియర్ నాటి లాటిన్ బడులు మగపిల్లలవి. ఆడపిల్లలకు, కూలివాళ్లకు ఆ కథలు పాఠంగా అందలేదు.

మరి ఒఫీలియా దగ్గర ఏమున్నాయి? పాటలున్నాయి. రొట్టెలు కాల్చేవాడి కూతురు గుడ్లగూబ అయిందనే జానపద కథ ఉంది. మొక్కలున్నాయి. తండ్రి చచ్చి మతి చెదిరాక రాజసభలోకి వచ్చి ఒక్కొక్క ఆకు, పువ్వు పంచుతుంది. రోజ్‌మేరీ జ్ఞాపకానికి, పాన్సీ ఆలోచనకు అని తనే చెబుతుంది. సోపు మొక్క, కొలంబైన్ ఇచ్చేటప్పుడు అర్థం చెప్పదు. సదాపాకు కొంత ఎదుటివాళ్లకిచ్చి కొంత తనే ఉంచుకుంటుంది. ఇంగ్లీషులో ఆ మొక్క పేరు రూ, ఆ మాటకే పశ్చాత్తాపమనే అర్థం కూడా ఉంది. వయొలెట్లు ఇద్దామంటే తండ్రి చచ్చినరోజే వాడిపోయాయంటుంది. ఏ మొక్క ఎవరి చేతికిచ్చిందో నాటకంలో రాసి లేదు. ఆడించేవాళ్లు నిర్ణయించుకోవాలి. సదాపాకు రాణికిస్తే ఒక అర్థం, రాజుకిస్తే ఇంకో అర్థం.

ఇవీ ప్రస్తావనలే. హామ్లెట్ ఓవిడ్‌లోంచి తెచ్చుకున్నాడు, ఒఫీలియా పెరట్లోంచి తెచ్చుకుంది. సభలో అందరూ ఆమెకు పిచ్చి అంటారు గాని, ఆమె అన్న ఒక్కడే ఈ పిచ్చిలో పాఠం ఉందని గ్రహిస్తాడు. మన గైడులు చాలావరకు సభవాళ్లలాగే ఉన్నాయి. నయోబీకి నోట్సు ఇస్తాయి, సదాపాకుకు ఒక్క ముక్కతో సరిపెడతాయి.

ఆమె నీళ్లలో పడి చచ్చిన సంగతి గెర్‌ట్రూడ్ చెబుతుంది. ఆ మాటల్లో ఒక ఊదారంగు పువ్వు ఉంది. గొర్రెల కాపరులు దానికి బూతుపేరు పెట్టారని, కన్నెపిల్లలు ‘చచ్చినవాళ్ల వేళ్లు’ అంటారని రాణి చెబుతుంది. అంత దుఃఖంలో ఒక మొక్కకు మూడు పేర్లు ఎందుకు? పేరు ఎవరు పెట్టారన్నదాన్ని బట్టి మొక్క మారిపోతుంది గనక. అడవిలో పెరిగిన మన పిల్లలకు ఇది చప్పున తెలుస్తుంది. ఒకే చెట్టుకు గోండులో ఒక పేరు, కొలామీలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు, అటవీశాఖ రిజిస్టరులో ఇంకో పేరు ఉండటం వాళ్లకు రోజూ అలవాటే.

మాట పాతదైతే అర్థం జారుతుంది

కష్టమైన మాటలకన్నా తేలికైన మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. తెలుగులో చీర అంటే ఒకప్పుడు బట్ట. అందుకే మగవాళ్లు కూడా నారచీరలు కట్టారని కథల్లో చదువుతాం. ఇంగ్లీషులోనూ అంతే. నాటకం మొదట్లో కాపలావాడు రైవల్స్ అంటే శత్రువులు అనుకుంటాం, అక్కడ తోటి కాపలావాళ్లు అని అర్థం. లెట్ అంటే పోనివ్వడమని తెలుసు. దయ్యం వెంట వెళ్తూ హామ్లెట్ వాడినప్పుడు దాని అర్థం అడ్డుపడటం. పూర్తిగా తిరగబడింది.

చివరి రంగంలో యూనియన్ అనే మాట వస్తుంది. అక్కడ దాని అర్థం మేలిరకం ముత్యం. రాజు హామ్లెట్ తాగే గిన్నెలో ముత్యం వేస్తానంటాడు. ఆ గిన్నెలో విషం ఉంది. రాణి తెలియక తాగి చస్తుంది. చివరికి హామ్లెట్ ఆ విషాన్నే రాజు గొంతులో పోస్తూ, నీ యూనియన్ ఇందులోనే ఉందా అని అడుగుతాడు. ముత్యం, పెళ్లి, విషం, మూడూ ఆ ఒక్క మాటలో కలిశాయి. ‘యూనియన్: ముత్యం’ అని రాసుకుంటే సరిపోతుందా?

ఇన్‌సెస్ట్ అనే మాట మనవాళ్లకు ఇంకా కష్టం. నిఘంటువు వావివరుస తప్పడం అంటుంది. వదినను చేసుకున్న క్లాడియస్‌ను హామ్లెట్, దయ్యం ఈ మాటతోనే తిడతారు. అన్న పోతే వదినను తమ్ముడు చేసుకోవడం గోండుల్లో పాత ఆచారం. మరి వావి ఎక్కడ తప్పింది? పిల్ల అడిగితే తప్పు ప్రశ్న అనకండి. అది మంచి ప్రశ్న. ఆనాటి ఇంగ్లండులో చర్చి చట్టం ప్రకారం అన్న భార్యతో పెళ్లి నిషేధం. ఎనిమిదో హెన్రీ రాజు 1509లో చనిపోయిన అన్న ఆర్థర్ భార్య కేథరిన్‌ను పోపు అనుమతితో చేసుకుని, 1533లో అదే వావి సాకు చూపించి ఆ పెళ్లిని రద్దు చేయించుకున్నాడు. ఆ తగాదాలో చేసుకున్న రెండో భార్య కూతురే ఎలిజబెత్ రాణి. హామ్లెట్ రాసేనాటికి ఆమే సింహాసనం మీద ఉంది. ఆ మాట వెనుక ఇంత బరువుంది.

అమెరికా మానవశాస్త్రవేత్త లారా బొహానన్ పశ్చిమ ఆఫ్రికాలోని టివ్ తెగ పెద్దలకు హామ్లెట్ కథ చెప్పింది. 1966లో దాని మీద వ్యాసం అచ్చువేసింది. మనుషులంతా ఒకటే కాబట్టి కథ ఎక్కడైనా ఒకలాగే అర్థమవుతుందని ఆమె నమ్మకం. టివ్ పెద్దలు మాత్రం వదినను చేసుకున్న తమ్ముడు మంచిపనే చేశాడన్నారు. దయ్యం మాటకు వస్తే, అది మంత్రగాడు పంపిన శకునం అన్నారు. చివరికి కథ అసలు అర్థం మేం నీకు చెబుతాం అని ఆమెకే పాఠం చెప్పారు. వాళ్ల చదువు సరైనదా, తప్పా అన్నది పక్కన పెట్టండి. వాళ్లు అడిగిన ప్రశ్నల వల్ల, నాటకంలో అందరికీ సహజమనిపించేది నిజానికి ఒక దేశపు చట్టమని తెలిసింది. మన పిల్ల ప్రశ్నకూ అంత విలువ ఉంది. అయితే దాంతోనే ఆగకూడదు. పెళ్లిలో తప్పు లేదనుకున్నా, హత్య ఉండనే ఉంది. అది ఏ ఆచారమూ ఒప్పుకోదు.

ఈ పేర్లు ఎవరికీ పుట్టుకతో రాలేదు

పట్నం పిల్లలకు ఇవన్నీ ముందే తెలుసునని మనవాళ్లు బెదురుతారు. అసలు షేక్స్‌పియర్‌కే పుట్టుకతో తెలియదు. 1564లో స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్నంలో, తోలు చేతితొడుగులు కుట్టే అతని ఇంట్లో పుట్టాడు. ఊళ్లోని బడిలో లాటిన్ నేర్చుకున్నాడని పండితుల అభిప్రాయం. విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు. లాటిన్, గ్రీకు ఆయనకు అంతంతమాత్రమేనని తోటి రచయిత బెన్ జాన్సన్ 1623లో అచ్చులోనే అన్నాడు. ఓవిడ్ కథలను ఆర్థర్ గోల్డింగ్ 1567లో ఇంగ్లీషులోకి అనువదించాడు, షేక్స్‌పియర్ ఆ పుస్తకాన్నీ వాడుకున్నాడు. అనువాదం చదువుకోవడం చిన్నతనం కాదని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. నయోబీ కథ తెలుగులో విని, తర్వాత నాటకం ఇంగ్లీషులో చదివినా దొంగదారి కాదు.

మన తెలుగు వాచకం కూడా ఇలాంటిదే. భగీరథ ప్రయత్నం, త్రిశంకు స్వర్గం అని రాసి వదిలేస్తారు, అందరి ఇళ్లలోనూ ఆ కథలు చెబుతారన్నట్టు. కోయ ఇంట్లో, కొలాం ఇంట్లో చెప్పేవి వేరే కథలు. బిడ్డకు అర్థం కాకపోతే వెనకబడ్డాడంటారు. జోడేఘాట్ అనే ఒక్క మాటతో గోండు ముసలాయన ఎంత చెబుతాడో తెలియని మాష్టారిని మాత్రం ఎవరూ వెనకబడ్డాడనరు. ఎవరి జ్ఞాపకానికి నోట్సు అక్కర్లేదో వాళ్లదే పెత్తనం అన్నమాట.

మన పిల్లల బడుల పేరు చూడండి. ఏకలవ్య ఆదర్శ గురుకులాలు. అదీ ప్రస్తావనే. ‘ఏకలవ్యుడు: గురుభక్తి గల నిషాద బాలుడు’ అని గైడులాగ రాస్తే సగం కథే. అర్జునుడికి సాటి లేకుండా ఉండాలని గురువు కుడిచేతి బొటనవేలు అడిగాడన్నది మిగతా సగం. నయోబీ దగ్గర నేర్చుకున్న ప్రశ్నే ఇక్కడా అడగొచ్చు. ఈ పేరు ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు, ఏ ముక్క వదిలేశారు? హామ్లెట్ చదివిన పిల్ల తన బడి గేటు మీది పేరును కూడా చదవగలిగితే ఆ నాటకం ఆమెకు ఉపయోగపడినట్టే.

నోట్సు ఇలా రాయించండి

మాష్టార్లకు ఒక పని సూచిస్తాను. నోట్సు పేజీని నాలుగు గళ్లు చేయించండి. మొదటి గడిలో పేరు లేదా మాట. రెండో గడిలో కథ మొత్తం, నాలుగైదు వాక్యాల్లో, పిల్ల సొంత మాటల్లో, ఇంటి భాషలో అయినా సరే. మూడో గడిలో ఎవరు, ఎవరిని చూసి, ఏ సమయంలో అన్నారు. నాలుగో గడిలో, చెప్పకుండా వదిలేసిన ముక్క ఏమిటి. హామ్లెట్‌కు ఇరవై పేర్లు చాలు. రోజుకు రెండు చొప్పున పది రోజుల పని. ఆ ఇరవైలో ఒఫీలియా మొక్కలు ఐదు తప్పకుండా ఉండాలి.

చివర్లో హొరేషియో, నేను పాతకాలపు రోమనువాణ్ణి అంటూ మిగిలిన విషం తాగబోతాడు. స్నేహితుడితో చావడం రోమను వీరుల గౌరవమని పుస్తకాల్లో చదివాడు. హామ్లెట్ గిన్నె లాక్కుని, నువ్వు బతికి నా కథ చెప్పాలంటాడు. అంత చదువున్న నాటకం చివరికి అడిగింది కథ చెప్పే ఒక్క మనిషిని. అలాంటి మనుషులు మన గూడేల్లో ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు వాళ్లు రెండు భాషల్లో, మూడు భాషల్లో చెప్పగలగాలి. అందుకు ఈ పాత పేర్లు నేర్చుకుందాం, మన పేర్లు మరచిపోకుండా.